హాస్టల్ సిస్టం, పాత బాష్, 19 ప్యాచ్‌లు

పోస్టు పొడుగుంటుంది. కంప్యూటర్ గొడవ మనకెందుకులే అని దాటేయకండి, ఇందులో మన సర్టిఫికెట్ల సంగతి ఉంది. రాస్తున్నది ముగ్గురం, డిగ్రీ రెండో ఏడాది, ఒకే రూము. ఎవరు ఏం చేశారో విడదీసి రాయడం లేదు. తప్పు కూడా ముగ్గురిదీ.

మా హాస్టల్లో ఒక పాత సిస్టం ఉంది. ఎవరో దాత ఇచ్చారు. 32 బిట్ మెషిను, అందులో ఉబుంటు 14.04. అది 2014 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు. వేసినప్పటి నుంచి ఎవరూ దాన్ని అప్‌డేట్ చేసినట్టు లేదు, నెట్ మొహం కూడా చూసినట్టు లేదు. దాన్ని మేము రెండు పనులకి వాడేవాళ్లం. ఒకటి, పాత క్వశ్చన్ పేపర్లు. హాస్టల్ వైఫైకి ఫోన్ కలుపుకుని ఒక అడ్రస్ కొడితే పేపర్ల జాబితా వచ్చేలా చిన్న పేజీ పెట్టాం. ఆ పేజీ వెనకాల ఉన్న స్క్రిప్టు మేమే బాష్‌లో రాశాం, చాలా గొప్పగా ఫీలయ్యాం కూడా. రెండోది, స్కాన్లు. స్కాలర్‌షిప్ అప్లికేషన్ పెట్టిన ప్రతిసారీ కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ మొదటి పేజీ మళ్లీ మళ్లీ స్కాన్ చేయించుకోవాలి, నెట్ సెంటర్ వాడు పేజీకి ఇంత అని తీసుకుంటాడు. అందుకని ఒక్కసారి స్కాన్ చేసినవి అందరివీ ఆ సిస్టంలో ఒక ఫోల్డర్లో దాచాం.

మా సీనియర్ అన్న ఒకాయన విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. పండక్కి ఊరెళ్తూ హాస్టల్లో ఒక పూట ఆగాడు. మా పేజీ చూపించాం. మెచ్చుకుంటాడనుకున్నాం. ఆయన తన లాప్‌టాప్ తీసి ఏదో ఒక లైను కొట్టాడు, అంతే. మా సిస్టం ముట్టుకోలేదు, పాస్‌వర్డ్ అడగలేదు. ఆయన తెర మీద మా స్కాన్ల ఫోల్డర్లో ఉన్న ఫైళ్ల పేర్లన్నీ వరుసగా పడ్డాయి. ఫైళ్లకి మనుషుల పేర్లే పెట్టి ఉంచాం మరి. ఇంకో లైను కొట్టి అందులో ఒక ఫైలు తెరిచాడు. మాలో ఒకరి పాస్‌బుక్. నాన్న పేరు, ఊరు, అకౌంట్ నెంబరు, అన్నీ.

"ఇది 2014 నాటి తూటురా. బాష్‌కి ఎగువ నుంచి ప్యాచ్‌లు ఎప్పుడో వచ్చాయి. మీ దాంట్లో ఎవరూ వేయలేదు" అన్నాడు. ఆ లైన్లు మా నోట్‌బుక్‌లో రాసిచ్చి, పేజీ ఆపేయమని చెప్పి, రాత్రి బస్సుకి వెళ్లిపోయాడు.

వార్డెన్ సార్‌కి చెప్పకుండా ఉండలేకపోయాం. సార్ తిట్టలేదు. "పిల్లల కాగితాలు బయటికి పోతే నేను ఎవరికి జవాబు చెప్పాలి? పరీక్షల్లోపు బాగుచేయండి, లేదంటే సిస్టం ఆఫీసు రూములో పెట్టి తాళం వేస్తాను" అన్నారు. మాకున్నది ఆ ఒక్క సిస్టమే.

బాష్ అంటే తెలియని వాళ్లకి: లినక్స్‌లో నల్ల తెర మీద కమాండ్ కొడితే దాన్ని చదివి పని చేయించే ప్రోగ్రాం. అలాంటి వాటిని షెల్ అంటారు. బాష్‌ని బ్రయన్ ఫాక్స్ అనే ఆయన 1989లో రాశారు. తర్వాత దాన్ని చూసుకుంటూ వస్తున్నది చెట్ రేమీ. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తూ, దీన్ని తన సొంత సమయంలో దశాబ్దాలుగా నడిపించారు. లోకంలో ఎన్ని సర్వర్ల మీద ఉంది ఈ బాష్! దాని బాగోగులు ముఖ్యంగా ఒక్క మనిషి చేతిలో ఉన్నాయని తెలిసి మేము నోరు వెళ్లబెట్టాం.

ఇక తూటు సంగతి. బాష్‌కి ఒక అలవాటు ఉంది. ఒక బాష్ ఇంకో బాష్‌ని మొదలుపెట్టేటప్పుడు, తన దగ్గరున్న ఫంక్షన్లని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టి అందిస్తుంది. కొత్త బాష్ లేవగానే ఆ వేరియబుల్స్ చూసి, ఫంక్షన్‌లా మొదలయ్యేవాటిని చదివి గుర్తుపెట్టుకుంటుంది. అక్కడి వరకు సరే. కానీ ఫంక్షన్ ముగిసిన తర్వాత ఇంకేమైనా రాసి ఉంటే, అక్కడ ఆగకుండా దాన్ని కమాండ్ అనుకుని నడిపించేసేది. ఉత్తరం చదివి పెట్టరా అంటే, ఉత్తరం చివర ఎవరో రాసిన పని కూడా లేచి వెళ్లి చేసొచ్చినట్టు. మా క్వశ్చన్ పేపర్ల పేజీలో జరిగింది అదే. బ్రౌజర్ తన పేరు చెప్పుకుంటూ ఒక ముక్క పంపుతుంది కదా, వెబ్ సర్వర్ దాన్ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి మా స్క్రిప్టుకి ఇస్తుంది. అన్న ఆ పేరు ఉండాల్సిన చోట ఫంక్షన్ లాంటిది ఒకటి, దాని వెనక తనకి కావలసిన కమాండ్ పెట్టాడు. మా బాష్ బుద్ధిగా చేసిపెట్టింది.

ఇది బాష్‌లో మొదట్నుంచీ, అంటే ఇంచుమించు 25 ఏళ్లు ఉంది. కోడ్ ఎవరైనా చదవొచ్చు, అయినా బయటపడలేదు. 2014 సెప్టెంబర్‌లో స్టెఫాన్ షాజెలాస్ అనే ఆయన కనిపెట్టి చెట్ రేమీకి చెప్పారు. సెప్టెంబర్ 24న లోకానికి తెలిసింది. షెల్‌షాక్ అని పేరు పడింది, నెంబరు సీవీఈ-2014-6271. మా ఉబుంటు ఏప్రిల్‌ది, తూటు బయటపడింది సెప్టెంబర్‌లో.

ఎగువ అంటే ఏంటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొండ మీద ఊట దగ్గర తొట్టి కట్టి పైపులో ఊళ్లోకి నీళ్లు దింపుతారు కదా. బాష్ రాసేవాళ్ల దగ్గరున్న కోడ్ ఊట. మనం వాడేది నేరుగా ఊట నీళ్లు కాదు. మధ్యలో ఉబుంటు వాళ్లో డెబియన్ వాళ్లో తొట్టిలో పట్టి, తమ మార్పులు కొన్ని కలిపి, ప్యాకేజీగా కట్టి మన కొళాయికి వదులుతారు. ఎగువన బాగుచేసినంత మాత్రాన మన కొళాయిలో నీళ్లు మారవు. మధ్యలో ఎవరో ఒకరు ఆ బాగుచేసినదాన్ని తీసుకొచ్చి ప్యాకేజీలో కలపాలి.

బాష్ వాళ్ల ప్యాచ్‌లు గ్నూ సైట్‌లో ఉంటాయి. 4.3 వెర్షన్‌కి 001 నుంచి వరుస నెంబర్లతో చిన్న చిన్న ఫైళ్లు. ఫోన్‌లో ఒకటి తెరిచి చూశాం. చినిగిన చొక్కాకి మాసిక వేసినట్టే ఉంది: ఏ ఫైలు, ఏ లైను దగ్గర, పాతది ఏంటి, కొత్తది ఏంటి. మారిన లైన్ల ముందు ఆశ్చర్యార్థకం గుర్తు, కొత్త లైన్ల ముందు ప్లస్ గుర్తు. మాకు నచ్చింది మాత్రం పైన ఉండే నాలుగు ముక్కలు. ఏ వెర్షన్, ఎన్నో ప్యాచ్, తప్పు ఏంటి, ఆ తప్పు చెప్పింది ఎవరు. ప్రతి ప్యాచ్ మీదా చెప్పినవాళ్ల పేరు ఉంటుంది. 025 మీద షాజెలాస్ పేరు ఉంది. తప్పు పట్టిన మనిషి పేరు పైన రాసుకోవడం మేము వేరే ఎక్కడా చూడలేదు.

సరే, మొదటి ప్రయత్నం. మా హాస్టల్ సిస్టం నెమ్మది అని కాలేజీ ల్యాబ్‌లో చేద్దామనుకున్నాం. బాష్ 4.3 మూలం కోడ్ దించాం. మాకు కావలసింది 025 ఒక్కటే కదా అని నేరుగా దాన్ని వేశాం. ఒక చోట ఫెయిల్ అంది. ఎందుకా అని చూస్తే, ప్రతి ప్యాచ్ చివర్లో ఒక చిన్న ఫైల్లో నెంబరు కూడా మారుస్తుంది. 025 వచ్చి అక్కడ 24 ఉందా అని వెతుకుతుంది, మా దాంట్లో సున్నా ఉంది. మధ్యలోవి ఎగ్గొట్టకుండా కట్టిన పద్ధతి అది. సరేనని 001 నుంచి 025 వరకు వరుసగా వేశాం, మేక్ కొట్టాం, బాష్ తయారైంది. ల్యాబ్ సిస్టంలో నడిపి చూశాం, అన్న రాసిచ్చిన పరీక్ష పాసైంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సినిమాకి టికెట్ దొరికినట్టు పరిగెత్తుకొచ్చాం.

హాస్టల్ సిస్టంలో ఉన్న బాష్ మీద దీన్ని కాపీ చేయబోతే, ఫైలు వాడకంలో ఉంది కుదరదు అంది. అక్కడైనా ఆగాల్సింది. మాలో ఒకరికి గుర్తొచ్చింది, కాపీ కాకపోతే మూవ్ కొట్టొచ్చని. మూవ్ పనిచేసింది. ఒక మంచి పని మాత్రం చేశాం: పాత బాష్‌ని పక్కన వేరే పేరుతో దాచాం. అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్ పాత బాష్‌తోనే నడుస్తోంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపించింది. ఆపేసి పడుకున్నాం.

పొద్దున టెర్మినల్ తెరిస్తే కిటికీ ఇలా వచ్చి అలా మాయం. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. నల్ల తెరలో లాగిన్ అయితే పాస్‌వర్డ్ తీసుకుని తిరిగి లాగిన్ దగ్గరికే తోసేస్తోంది. అరగంట తర్వాత తట్టింది. ల్యాబ్ సిస్టం 64 బిట్. మాది 32. అక్కడ కట్టిన బాష్ ఇక్కడ నడవదు. ఇప్పుడు బాష్ లేదు, ఉన్న పాత బాష్‌ని వెనక్కి తేవాలంటే కమాండ్ కొట్టాలి, కమాండ్ కొట్టాలంటే బాష్ కావాలి. ఆ ఫోల్డర్లో అరవై మంది స్కాన్లు, ఇంకా ఒక అక్క ప్రాజెక్టు రిపోర్టు ఉన్నాయి. ఆ రోజు మెస్‌లో ఆ అక్క ఎదురుపడితే తలొంచుకుని పక్కకి తప్పుకున్నాం.

అన్నకి ఫోన్ చేస్తే ముందు నవ్వాడు. తర్వాత చెప్పాడు, ఉబుంటులో బాష్ ఒక్కటే కాదు, డాష్ అని ఇంకో చిన్న షెల్ కూడా ఉంటుంది, సిస్టం లోపలి స్క్రిప్టులు నడిచేది దానితోనే అని. బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో లినక్స్ లైను చివర, మొదట నడపాల్సింది ఎస్‌హెచ్ అని రాయించాడు. వచ్చింది! నల్ల తెర మీద ఒక్క గుర్తు, అంతే. డిస్కుని రాయడానికి వీలయ్యేలా మళ్లీ మౌంట్ చేసి, దాచిన పాత బాష్‌ని దాని చోట పెట్టాం. ఫైళ్లు అన్నీ ఉన్నాయి. అక్క రిపోర్టు ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చేశాం, ఎందుకని అడిగితే ఊరికే అన్నాం. అక్కా, ఈ పోస్టు చదువుతుంటే, అందుకే.

"ఫైలు మోయకండిరా, ప్యాకేజీ కట్టండి" అన్నాడు అన్న. తేడా ఏంటో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత కావాలనే ఒకసారి 64 బిట్ ప్యాకేజీ తెచ్చి మా సిస్టంలో వేయబోయాం. ఇది నీ మెషినుకి సంబంధించింది కాదు అని డీపీకేజీ మొహం మీదే చెప్పి తిప్పి పంపింది. మేము చేత్తో మోసినప్పుడు ఆ మాట చెప్పేవాళ్లు లేరు.

రెండో ప్రయత్నం హాస్టల్ సిస్టంలోనే. ఫోన్ నెట్ కేబుల్‌తో కలిపి, కంపైలర్ సామాన్లు, ఉబుంటు వాళ్ల బాష్ ప్యాకేజీ మూలం దించాం. ముగ్గురి ఫోన్లలో ఆ రోజు డేటా అయిపోయింది. మా సిస్టంలో ఉన్నది 4.3.11. చివరి 11 అంటే ఎగువ ప్యాచ్‌లు 011 వరకు వేసి ఉన్నాయని. అంటే మేము వేయాల్సింది 012 నుంచి. ప్యాకేజీ లోపల డెబియన్ అనే ఫోల్డర్, అందులో ప్యాచ్‌ల ఫోల్డర్, ఏది ముందు ఏది వెనక అని చెప్పే ఒక జాబితా ఉన్నాయి. మొదట మావి జాబితా చివర చేర్చాం. అప్పటికే వాళ్ల సొంత మార్పులు పడి లైన్లు జరిగి ఉండటంతో ప్యాచ్ సణుగుతూ వేసుకుంది. తీసేసి, 011 కిందే చేర్చాం. ఇంకో చిక్కు. ఎగువ ప్యాచ్‌ల్లో ఫైలు పేరు నేరుగా ఉంటుంది. ప్యాకేజీ పద్ధతి మాత్రం పేరు ముందు ఒక ఫోల్డర్ ఉందనుకుని దాన్ని కొట్టేసి చదువుతుంది. దాంతో ఏ ఫైలూ దొరకట్లేదు అంటుంది. మొదటి రెండు ప్యాచ్‌లు చేత్తో దిద్దాం, మిగిలినవాటికి చిన్న స్క్రిప్టు రాశాం. అదీ బాష్‌లోనే, తూటు ఉన్న బాష్‌లోనే.

ప్యాకేజీ కట్టాలంటే చేంజ్‌లాగ్‌లో ఏం మార్చావో రాసి కింద పేరు, మెయిల్ పెట్టాలి. పేరు ఒక్కటే. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చివరికి హాస్టల్ పేరు పెట్టాం. మార్పు ఏంటో తెలుగులో రాశాం, అది ఏమీ అనకుండా తీసుకుంది.

రాత్రి భోజనం తర్వాత మొదలుపెడితే రెండు గంటల పైనే పట్టింది. తెర మీద లైన్లు పోతూనే ఉన్నాయి, మేము రికార్డు రాసుకుంటూ కూర్చున్నాం. 025 వరకు వేసిన ప్యాకేజీ ఎక్కించాం. సిస్టం రీస్టార్ట్ చేసి టెర్మినల్ తెరిచేటప్పుడు ఎవరూ ఊపిరి పీల్చలేదు. తెరుచుకుంది. అన్న లైను కొడితే తూటు లేదు. గట్టిగా అరిచి పక్క రూము వాళ్ల చేత తిట్లు తిన్నాం.

మర్నాడు 026 తెరిచి పైనున్న ముక్కలు చదివితే మొహాలు వాడిపోయాయి. 025 వచ్చిన వెంటనే టావిస్ ఒర్మండీ అనే ఆయన, ఇది పూర్తిగా మూసుకోలేదు అని ఇంకో దారి చూపించారు. దాని పరీక్ష మా సిస్టంలో కొట్టాం. ఫోల్డర్లో ఎకో అనే పేరుతో ఒక ఫైలు దానంతటదే పుట్టింది, అందులో ఆ రోజు తేదీ. అంటే మేము మూసింది సగమే. 027 ఫ్లోరియన్ వైమర్ చెప్పిన పద్ధతి, అసలు ఫంక్షన్లు పంపే వేరియబుల్ పేరే మార్చేశారు, ముందూ వెనకా ప్రత్యేకమైన గుర్తులు తగిలించారు. ఇక బ్రౌజర్ పేరు లాంటి మామూలు వేరియబుల్‌ని బాష్ ఫంక్షన్ అనుకోదు. తర్వాత 028, 029, 030, అక్టోబర్ మొదటి వారంలోపు. అంత పెద్ద మనుషులే ఒక తూటు మూయడానికి అన్నిసార్లు కూర్చున్నారు. మేము 030 వరకు వేశాం, మొత్తం 19. మళ్లీ రెండు గంటలు. ఈసారి వెర్షన్ అడిగితే 4.3.30 అంది. రెండు పరీక్షలూ పాస్.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. అన్నకి ఫొటోలు పంపితే ఒక ఫైలు పేరు చెప్పి, అందులో ఏముందో తీసి పంపమన్నాడు. అప్‌డేట్లు ఎక్కడి నుంచి తేవాలో రాసి ఉండే ఫైలు అది. పంపాం. సెక్యూరిటీ అప్‌డేట్ల లైన్ల ముందు హ్యాష్ గుర్తు ఉంది. అంటే వాటిని చదవొద్దని. సిస్టం మా దగ్గరికి రాకముందు ఎవరో పెట్టారు. ఆ గుర్తు తీసేసి నెట్‌కి కలిపితే, మా బాష్ మీద ఉబుంటు వాళ్ల కొత్త బాష్ వేస్తానని అడిగింది. వాళ్లు 2014 సెప్టెంబర్‌లోనే ఈ తూటు మూసి ప్యాకేజీ వదిలారు. మూడు వారాలు మేము కుస్తీ పట్టింది అక్కడ రెడీగా ఉంది, ఒక్క గుర్తు చెరిపితే చాలు.

కొంచెంసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత సరేనన్నాం, వేసుకుంది. వెర్షన్ అడిగితే మళ్లీ 4.3.11 అంది! పోయిందిరా అనుకున్నాం. పరీక్షలు కొడితే రెండూ పాస్. వాళ్లు ఎగువ ప్యాచ్‌లన్నీ వరుసగా వేయరు, వెర్షన్ నెంబరు అలాగే ఉంచి, ప్రమాదమైన వాటికి మాత్రం మాసికలు వేస్తారు. వాడుతున్నవాళ్లకి ఇంకేమీ మారకూడదని. మొదట్లో మా తూటు బాష్ కూడా 4.3.11, ఇప్పుడు మూసినదీ 4.3.11. నెంబరు చూస్తే తేడా తెలీదు. ప్యాకేజీ చేంజ్‌లాగ్ చదవాలి, లేదా కొట్టి చూడాలి. ఆ మూడు వారాలు లేకపోతే మేము ఆ నెంబరు చూసి భయపడి అది పీకేసి మళ్లీ మాదే వేసేవాళ్లం.

స్కాన్ల విషయం. బాష్ సరిగ్గా ఉన్నా లేకపోయినా, ఆ ఫోల్డర్ని అందరూ చదవగలిగేలా పెట్టింది మేమే. ఆ తప్పు ఏ ప్యాచ్‌తోనూ పోదు. అరవై మందికీ ఎవరివి వాళ్లకి పెన్‌డ్రైవ్‌లో, ఫోన్లో ఎక్కించి, సిస్టంలోంచి తుడిచేశాం. అన్న కాకుండా ఇంకెవరైనా అంతకుముందు చూశారా అంటే, వెబ్ సర్వర్ లాగ్‌లో అలాంటివి అన్నవే కనిపించాయి. పాత లాగ్‌లు తుడిచిపెట్టుకుపోయాయి కాబట్టి అంతకు మించి చెప్పలేం. ఈ మాట హాస్టల్ మీటింగ్‌లో అందరి ముందూ చెప్పాం. ఇద్దరు బాగా కోప్పడ్డారు. వాళ్ల కోపం న్యాయమే.

మామూలు సపోర్టు 2019లోనే ఆగిపోయిన ఉబుంటు మీద ఎన్ని మాసికలని వేస్తాం? సెలవుల్లో డెబియన్ 12 వేశాం, అది 32 బిట్‌కి కూడా ఉంది. సిస్టం ఇంకా మా దగ్గరే ఉంది, క్వశ్చన్ పేపర్ల పేజీ మళ్లీ నడుస్తోంది. మీ హాస్టల్లో ఇలాంటి పాత సిస్టం ఉంటే కింద రాయండి, అన్న రాసిచ్చిన పరీక్షలు, మా నోట్స్ ఫొటోలు పంపుతాం. ముందు ఆ హ్యాష్ గుర్తు చూడండి.

మొన్న మా జూనియర్ తమ్ముడు ఒకడు బాష్ వెర్షన్ కొట్టి చూశాడు. 5.2.15 అని వచ్చింది. 5.2 సరే, ఈ చివర 15 ఏంటన్నా అని అడిగాడు. కూర్చోరా చెప్తాం అని మొదలుపెట్టాం. అంతలో భోజనం గంట కొట్టారు, వాడు ప్లేటు పట్టుకుని పరిగెత్తాడు.